చేతిపనిలో సత్సంగము

ఏకాంతములో నున్న మనుష్యునకు తన గుణదోషములు తెలియుట కష్టము. అడవిలోని గుహయందు కోపము రాదు. కోపము తెప్పించువాడు అచ్చట లేడు. అసూయయు పుట్టదు, తనకంటె మిన్నయైనవాడు కనుచూపు మేరలో లేడు. అట్టివాడు కామక్రోధములను జయించితినని తలంచుట, పరీక్షకు పోని విద్యార్థి తాను తప్పలేదని సంతోషించుట వంటిది. అందుచేతనే పెద్దలు ధ్యానమునకు ఏకాంతమును విధించియు, చిత్తశుద్ధికి సత్సంగమును గూడ విధించిరి. సత్సంగమనగా పురాణశ్రవణము, భజనము మాత్రమే యని సామాన్యముగా తలంతురు. కాని నలుగురు కూడి ఒక చేతిపని చేయుటయు సత్సంగము కాగలదా? కాగలిగినచో ఏ నియమముచేత నగును? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దినములో అధికభాగము పనిలోనే గడపు గృహస్థునకు ఇంతకంటె దగ్గఱి ప్రశ్న మఱియొకటి లేదు.

ఈ విచారణకు దారుశిల్పము, అనగా కొయ్యచెక్కడపు పని, మంచి ఉదాహరణము. మట్టితో బొమ్మ చేయువానికి తప్పు దిద్దుకొను వీలు కలదు. పోయినచోట మరల కొంత మట్టి అద్దవచ్చును. కొయ్యయందు ఆ వీలు లేదు. ఉలి తీసివేసిన తునకను మరల అతికినను అతుకు కనబడుచునే యుండును. అదియు గాక, కొయ్య యొకప్పుడు ప్రాణముతో నుండి, ఎండకు వానకు ఓర్చి పెరిగినది. దానిలో పీచు ఒక వరుసను పోవును. నడుమ నడుమ ముడులుండును. ఆ వరుసను గమనింపక ఎదురుగా ఉలి నడపినవానికి కొయ్య లొంగదు, చీలిపోవును. కావున కొయ్య చెక్కువాడు మొదట నేర్చుకొనవలసినది తన యిష్టమును సాగించుట కాదు. ఎదుటనున్న దాని స్వభావమును తెలిసికొనుట. కొయ్యతో ఇట్లు మెలగ నేర్చినవాడు ప్రక్కనున్న మనుష్యునితో మెలగ నేర్చునా? మన ప్రశ్న ఇదియే.

ఇనుప నగరమున కొయ్యపని

జంషెడ్‌పురపు తూర్పుభాగమున, సువర్ణరేఖా నది దిక్కుగా, బారిడీహ్ అను పేట కలదు. డీహ్ అనగా ఆ ప్రాంతపు వాడుకలో పాత ఊరిదిబ్బ, జనులు కాపురమున్న చోటు. 1907లో ఏర్పడిన టాటా సంస్థ సాక్చి గ్రామప్రాంతమున ఉక్కు కర్మాగారమును నిర్మింపగా, 1912లో అచ్చట మొదటి ఉక్కుదిమ్మె తయారయ్యెను. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరుమీద జంషెడ్‌పురమని నామకరణము జరిగెను. నాటినుండి పలు దేశభాషలవారు జీవనార్థమై అచ్చటికి చేరిరి. ఉత్తరాంధ్ర ప్రాంతమునుండి పోయిన తెలుగువారు వారిలో అనేకులు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారి భక్తికిని ఐకమత్యమునకును గుర్తుగా నిలిచియున్నది.

ఆ నగరపు సంకల్పమునకు వెనుక త్యాగమునకును శ్రమకును గల యొక సంబంధము కనబడుచున్నది. 1893లో స్వామి వివేకానందులు యోకొహామా నుండి వాంకూవరునకు ఓడలో పోవుచుండగా జంషెడ్‌జీ టాటాయు అదే ఓడలో ప్రయాణము చేసిరి. ఐదేండ్లు గడచిన పిమ్మట, 1898 నవంబరులో, టాటాగారు స్వామికి లేఖ వ్రాసి, ఈ దేశమున పుట్టిన వైరాగ్యబుద్ధిని విజ్ఞానశాస్త్రసేవకు మరల్చు కార్యమున వారి తోడ్పాటును గోరిరి. పరిశ్రమలు స్థాపించుటలో నిమగ్నుడైన యొక గృహస్థు, ఆ మార్గమునకు కావలసినది ధనము మాత్రమే కాదు, త్యాగమనియు గుర్తించుట మనము మరువరాని విషయము.

ఇనుమునకు ప్రసిద్ధిగన్న చోట కొయ్యపనిని గూర్చి విచారించుట వింతగా తోచవచ్చును. కాని లోహమును పోతపోయుటకు ముందు దాని రూపము తఱచుగా కొయ్యలోనే పుట్టును. పోతపనివారు పాటర్ను అని పిలుచు నమూనాను వడ్రంగి కొయ్యతో చేయును. దానిని ఇసుకలో అదిమి మెల్లగా పైకి తీసినచో, ఇసుకలో దాని రూపము ఖాళీగా నిలుచును. ఆ ఖాళీలో కరగిన లోహమును పోయుదురు. ఈ పనిలో రెండు సూక్ష్మములు కలవు. కరగిన లోహము చల్లారునప్పుడు కుంచించుకొనును. కావున నమూనాను కావలసిన కొలతకంటె కొంచెము పెద్దదిగా చేయవలెను. అడుగు పొడవునకు, పోతయినుమునకైనచో అంగుళములో సుమారు ఎనిమిదవ వంతును, ఉక్కునకైనచో సుమారు నాలుగవ వంతును అధికముగా పెట్టుట వాడుక. రెండవది, నమూనా ప్రక్కలు నిట్టనిలువుగా నుండరాదు, కొంచెము వాలుగా నుండవలెను. లేనిచో పైకి తీయునప్పుడు అది ఇసుకగోడను పెల్లగించును. ఈనాడు లోహముతోను ప్లాస్టిక్కుతోను గూడ నమూనాలు చేయుచున్నారు. వానిని యంత్రములచే చెక్కించుటయు వచ్చినది. అయినను ఈ రెండు సూత్రములు మారలేదు. వీనిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. వీనిలో నేర్పువాని ధర్మము దాగియున్నది.

ఏటేట సెప్టెంబరు మాసమున, సామాన్యముగా 17వ తేదీన, జంషెడ్‌పురమున విశ్వకర్మపూజ జరుగును. ఆ దినమున యంత్రములును పనిముట్లును పూజింపబడును. తెలుగుదేశమున దసరా దినములలో ఆయుధపూజ పేర జరుగునదియు ఇట్టిదే. పనిముట్టును పూజించుటలో గొప్ప యర్థము కలదు. సంవత్సరమంతయు "ఇది నాది, దీనిచే నేను చేయుచున్నాను" అని పట్టుకొన్న సుత్తిని, ఆ యొక్కదినము క్రిందబెట్టి నమస్కరింతుము. చేయించువాడు వేఱొకడు కలడని చేతికి తెలియజెప్పుటయే ఆ పూజ.

బారిడీహ్ వంటి పేటలో, పగలంతయు యంత్రముల నడుమ గడపినవారు కొందఱు సాయంకాలము ఒక వసారాలో కూడి కొయ్య చెక్కుటకు మొదలిడినారనుకొందము. వారిలో ఒకడు శ్రీకాకుళపువాడు, ఒకడు వంగీయుడు, ఒకడు ఒడియావాడు, ఒకడు సంతాలు. సంతాలులు ఒకే కొయ్యమొద్దును తొలిచి ధోడ్రో బనామ్ అను తంత్రీవాద్యమును చేయుదురు. దాని తలపై మనుష్యరూపములను చెక్కుటయు కలదు. ఒకరి భాష ఒకరికి సరిగా రాకున్నను చేతిపనికి అది యడ్డము కాదు. ఉలిని ఏ వాలున పట్టవలెనో చూపుటకు మాటతో పనిలేదు. మొదటి దినములలో అంతయు స్నేహమే. అందఱును సమానముగా పనిరానివారగుటచే ఒకరి తప్పునకు ఒకరు నవ్వుకొందురు. మాసములు గడచిన కొలది ఒకని చేయి తక్కినవారిని మించును. చూడవచ్చినవారు అతని బొమ్మనే ఎత్తి చూచెదరు. అతని ప్రక్కనున్నవాని బొమ్మను చూడక దాటిపోయెదరు. ఆ క్షణమున ఆ ఇద్దఱి హృదయములలో ఏమి జరుగునో, దానినిబట్టియే అది సత్సంగమో, కేవలము కాలక్షేపమో తేలును.

ఒక పాత్ర నాలుగగుట

ఈ చిక్కు నేటిది కాదు. ఋగ్వేదము ఋభువులను మువ్వురు సోదరులను స్తుతించినది. ఋభువు, విభ్వుడు, వాజుడు అను వీరు సుధన్వుని కుమారులు. పుట్టుకచే వీరు దేవతలు కారు; తమ పనితనముచేతనే అమరత్వమును బడసిరి. అశ్వినులకు రథమును చేసిరి. వృద్ధులైన తల్లిదండ్రులకు మరల యౌవనము నిచ్చిరి. దేవశిల్పియగు త్వష్ట చేసిన పానపాత్ర యొకటి యుండెను. ఋభువులు దేవతల కోరికపై ఆ యొక్క పాత్రను నాలుగు పాత్రలుగా చేసిరి. త్వష్ట దానిని చూచి సంతోషింపలేదు. తన పాత్రకు అపచారము జరిగెనని కోపించెను.

ఈ కథను నిలిచి ఆలోచింపవలెను. త్వష్ట సామాన్యుడు కాడు; దేవతలకే శిల్పి. ఋభువులో, మనుష్యులు. అయినను ఆ పాత్ర విషయమున దేవత మనుష్యుని వలె ప్రవర్తించెను, మనుష్యులు దేవతలైరి. కారణమేమి? పాత్ర యొకటిగా నున్నంతవఱకు అది "త్వష్ట పాత్ర". నాలుగైన పిమ్మట అది త్రాగువారి పాత్ర. విద్య పంచబడినప్పుడు ఎవరికిని నష్టము లేదు; నష్టపడునది "నాది" అను భావమొక్కటియే. త్వష్ట కోపము ఆ భావము పెట్టిన మొఱ. మఱియు ఋభువులు మువ్వురు. వేదము వారిని కలిపియే కొనియాడినది. రథమునకు చక్రము ఎవరు చేసిరి, ఇరుసు ఎవరు చేసిరి అను లెక్కను మనకు మిగుల్చలేదు. పనివానిని వేదధర్మము చిన్నచూపు చూడలేదనుటకు మఱియొక నిదర్శనము గూడ కలదు. రథము చేయు రథకారునకు అగ్న్యాధానమును శ్రౌతము ప్రత్యేకముగా విధించినది. మీమాంసకులు దానినొక అధికరణముగా చర్చించిరి.

ఇది యెవరి బొమ్మ?

తెలుగువారి యిండ్లలో బొమ్మలకొలువు పెట్టునప్పుడు కొండపల్లి బొమ్మలు ముందువరుసను నిలుచును. దశావతారములు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కు మనిషి, దంపుళ్లు దంచు స్త్రీలు - వీనిని చూడని తెలుగు బిడ్డ అరుదు. విజయవాడకు సమీపముననున్న కొండపల్లిలో ఆర్యక్షత్రియులను కులమువారు ఈ పనిని తరతరములుగా చేయుచున్నారు. తెల్లపొణికి అను తేలికైన కొయ్యను ఆరబెట్టి, వేడిచే దానిలోని చెమ్మను పోగొట్టి, తల, మొండెము, కాళ్లు, చేతులు వేఱువేఱుగా చెక్కుదురు. చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో వానిని అతుకుదురు. పిమ్మట సున్నపు పూత, ఆపైన రంగులు. ఒకరు చెక్కుదురు, ఒకరు అతుకుదురు, ఒకరు నునుపు చేయుదురు. రంగులు వేయుటలో ఇంటి స్త్రీల చేయి చాల కలదు.

ఆ బొమ్మను చేతపట్టుకొని "ఇది యెవరు చేసిరి?" అని యడిగినచో ఏమి చెప్పవలెను? చెక్కినవాని పేరు చెప్పినచో అతికినవానికి అన్యాయము. రంగువేసినవారి పేరు చెప్పినచో చెక్కినవానికి అన్యాయము. చింతగింజను అరగదీసిన ముసలమ్మ పేరు ఎవరును తలపరు. కాని ఆ మక్కు లేనిచో ఏనుగు నాలుగు దినములలో కాలు లేనిదగును. ఇచ్చట కర్తృత్వము ఎచ్చటనో యొకచోట నిలువక, చేతినుండి చేతికి పోయి, చివరకు ఎవరిదియు కాక పోవుచున్నది. "నేను కర్తను" అను భ్రాంతి తొలగుటకు వేదాంతగ్రంథములు పెక్కు యుక్తులు చెప్పినవి. కొండపల్లి బొమ్మ ఆ యుక్తులలో నొకదానిని చింతపిండితో అతికి మన చేతిలో పెట్టుచున్నది.

ఏటికొప్పాక లక్కబొమ్మల చరిత్రయు ఇట్టి బోధనే చేయుచున్నది. వరాహనదీ తీరముననున్న ఆ గ్రామమున అంకుడుకొయ్యను తరిమెన పట్టి, తిరుగుచుండగానే లక్కరంగు పూయుదురు. అది చెక్కడము కాకున్నను కొయ్యపనియే. రసాయనపు రంగులు వచ్చి పాతపద్ధతులు వెనుకబడిన దినములలో, సి. వి. రాజుగారు ఆ గ్రామపు పనివారితో కలసి చెట్లు, ఆకులు, గింజలనుండి తీయు సహజవర్ణములను మరల వాడుకలోనికి తెచ్చిరి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కలిగెను. 2023లో రాజుగారికి పద్మశ్రీ బిరుదము వచ్చెను. ఒకడు కనుగొన్న రంగు ఒక యింటిలోనే యుండిపోయినచో అది యొక కుటుంబమునకు సంపాదన యగును. పలువురి తరిమెనలమీదికి ఎక్కినప్పుడే అది ఊరికి ప్రాణమగును.

రహస్యమును ఆకలియు

ఇచ్చట నొక యాక్షేపణము వచ్చును. దానిని తేలికగా త్రోసివేయుట ధర్మము కాదు. "విద్యను పంచవలెనని చెప్పుట సులభము. చేతిపనియే జీవనాధారమైనవాడు తన మెలకువను పొరుగువానికి చెప్పినచో, రేపు ఆ పొరుగువాడే అతని గిరాకీని లాగుకొనును. పనివాని పిల్లలు ఆకలిచే నేడ్చునప్పుడు నిష్కామకర్మ వారి కడుపు నింపునా?" అని యడుగువారు కలరు. ఈ ప్రశ్న న్యాయమైనది. పూర్వము పెక్కు వృత్తులలో మెలకువలను వంశమున కంటె బయటికి పోనీయకుండిరి. కొన్నిచోట్ల పెండ్లియై వేఱొక యింటికి పోవునను భయముచే కూతురికి నేర్పక, ఇంటికి వచ్చిన కోడలికి నేర్పుటయు కలదు. దీనిని లోభమని ఒక్కమాటలో నిందించుట, ఆకలి యెఱుగనివాడు చేయు పని.

ఫలాపేక్ష లేకుండుట యనగా కూలి తీసికొనకుండుట కాదు. గీత త్యజింపుమన్నది కర్మఫలమునందలి సంగమును. కష్టించినవాని అన్నమును గాదు. కూలి యనునది లోకయాత్రకు కావలసిన యజ్ఞభాగము. దానిని తగినంతగా ఇచ్చుట కొనువాని ధర్మము. తీసికొనుట చేయువాని హక్కు. బొమ్మను బేరమాడి సగము వెలకు తెచ్చుకొని, దానిని కొలువులో నిలిపి, దాని యెదుట కూర్చుండి నిష్కామకర్మను గూర్చి ప్రసంగించువాడు ఎవరికి బోధించుచున్నాడు? పనివాడు రహస్యమును దాచుటకు అతని లోభము కొంత కారణమైనచో, కొనువాని పిసినారితనము అంతకంటె పెద్ద కారణము. ఔదార్యమును పనివానినుండి కోరు సంఘము మొదట తాను ఔదార్యము చూపవలెను.

అయినను దాచుటవలన జీవనము నిజముగా రక్షింపబడునా యని గూడ చూడవలెను. దాచిన విద్య దాచినవానితోడనే పోవును. కొడుకు వేఱొక ఉద్యోగమునకు పోయినచో ఆ వంశమున పరంపర ఆగును. ఒకే యింటిలో నిలిచిన విద్యకు ఒకే ఆయువు. పలువురి చేతులలోనున్న విద్యకు పలు ఆయువులు. పైగా ఒక్కడు చేసిన బొమ్మకు బజారు ఏర్పడదు; ఊరంతయు చేసినప్పుడే దూరమునుండి కొనువారు ఆ ఊరిని వెదకికొని వత్తురు. కొండపల్లి యనిన బొమ్మలు, ఏటికొప్పాక యనిన లక్కపని స్ఫురించుట ఒక కుటుంబపు కీర్తిచే వచ్చినది కాదు. కావున జీవనదృష్టిచే చూచినను పంచుటయే మేలు. కాని పంచువాడు ముందుగా కొంత నష్టమునకు సిద్ధపడవలెను. లాభము తరువాత, అందఱితోపాటు వచ్చును. ఈ నడుమనున్న కాలమును దాటించునదే స్నేహము. పొరుగువాడు తన మెలకువను నేర్చి తనకే ఎదురు నిలువడను నమ్మకము లేనిచో ఎవడును నోరు విప్పడు. సంఘముగా కూడుటకు పరమప్రయోజనము ఈ నమ్మకమును పెంచుటయే.

సాయంకాలపు కూటములో వినోదార్థము చెక్కువారికి ఆకలిభయము లేదు. వారు దాచినచో కారణము కేవలము అహంకారమే. అందుచే వారి పరీక్ష సులభమనుకొనరాదు. చెప్పుకొనుటకు ఏ సాకును లేదు గనుక అది మఱింత నిక్కమైన పరీక్ష.

రథమును, మూసిన తలుపును

కలసి కొయ్యపని చేయుటలో మన దేశమునందు పూరీ రథములకంటె ఘనమైన ఉదాహరణము కానరాదు. అక్షయతృతీయనాడు పని ప్రారంభమగును. ఆషాఢ శుద్ధ విదియకు మూడు రథములు సిద్ధము కావలెను. జగన్నాథుని నందిఘోషమునకు 16 చక్రములు, బలభద్రుని తాళధ్వజమునకు 14, సుభద్ర యొక్క దర్పదళనమునకు 12. వెరసి 42 చక్రములు. మహారణులను వడ్రంగులు, ఇనుపపని చేయు ఓఝాలు, పార్శ్వదేవతల రూపములను చెక్కు రూపకారులు, చిత్రకారులు, బట్టలు కుట్టువారు, బరువులు మోయు భోయీలు - అందఱును వంశక్రమాగతమైన తమతమ సేవలను చేయుదురు. కాగితముపై గీసిన పటము వారికి ఆధారము కాదు; కొలకఱ్ఱయు, పెద్దలనుండి వచ్చిన జ్ఞాపకమును ఆధారము. ఒక మహారణుడు చేసిన చక్రము ఎట్టిదైనను, దానితోడి చక్రములు సరిగా నున్నప్పుడే రథము కదలును. యాత్ర ముగిసిన పిమ్మట రథములను విప్పివేయుదురు. కొయ్యలో కొంత ఆలయపు వంటశాలలో పొయ్యికి పోవును. మరుసటి యేట మరల మొదటినుండి ప్రారంభము.

రెండు మాసములు చెమటోడ్చి చెక్కినది కొద్ది దినములలో విప్పబడుననియు, అందలి కొంత కట్టెలుగా కాలుననియు తెలిసియు, ఉలిపట్టినవాని చేయి అలసత్వము చెందకుండుటకు ఆధారమేమి? పని నిలుచునను ఆశ కాదు; ఎవరికొఱకు చేయుచున్నాడో ఆ యెఱుక. దాచుకొనుటకు వీలులేని పని పంచుకొనుటను తనంతట తానే నేర్పును. రథము విప్పబడును; రథము చేయుట యను విద్య మాత్రము తండ్రినుండి కొడుకునకు, పెద్దవానినుండి చిన్నవానికి చేరి నిలిచియున్నది. వస్తువును వదలినవారికి విద్య దక్కినది.

ఆ పూరీక్షేత్రమునందే మఱియొక కథ కలదు. ఇంద్రద్యుమ్న మహారాజు విగ్రహములను చేయింపదలంపగా, ఒక వృద్ధుడైన వడ్రంగి వచ్చి, తలుపులు మూసికొని చెక్కుదుననియు, గడువు తీరువఱకు ఎవరును తెరవరాదనియు నియమము పెట్టెను. ఆ వృద్ధుడు విశ్వకర్మయే యని కొందఱు, సాక్షాత్తు భగవంతుడే యని కొందఱు చెప్పుదురు. లోపలినుండి ఉలిచప్పుడు వినబడుట మానగా, ముసలివానికేమైనదో యని ఆత్రపడి, గడువునకు ముందే తలుపు తెరచిరి. శిల్పి మాయమయ్యెను, విగ్రహములు పూర్తికాకుండ నిలిచెను. ఆ రూపమునే స్వామి అంగీకరించెను.

సహవాసమునకు సంబంధించిన యొక సూక్ష్మధర్మము ఈ కథలో నున్నది. తలుపు తెరచినవారు దుర్బుద్ధితో తెరువలేదు, ప్రేమతోనే తెరచిరి. సహాయము చేయవలెనను తొందర గూడ పనిని చెఱుపగలదు. ప్రక్కవాని కొయ్యను అతనికంటె ముందుగా అర్థముచేసికొన్నట్లు, అతని చేతిలోని ఉలిని లాగుకొని, "ఇట్లు కాదు, అట్లు" అని తామే చెక్కువారు అన్ని కూటములలోను కలరు. వారి చేయి నేర్పైనదే కావచ్చును. కాని వారు బొమ్మను బాగుచేసి మనిషిని చెఱుపుచున్నారు. చప్పుడు వినబడనంత మాత్రమున లోపల పని జరుగుట లేదని తలంపరాదు. అడుగువఱకు ఆగుట, అడిగినప్పుడు దాచకుండుట - ఈ రెండును కలసిననే సాయమగును. ఆగుట మాత్రమే యున్నచో అది ఉపేక్ష. చెప్పుట మాత్రమే యున్నచో అది అధికారము.

కొంచెము పెద్దదిగా, కొంచెము వాలుగా

ఇప్పుడు పోతపని నమూనాయొద్దకు మరల రావచ్చును. నమూనాను కావలసిన కొలతకంటె కొంచెము పెద్దదిగా చేయుదురని చెప్పబడినది. కరగిన లోహము చల్లారునప్పుడు కుంచించుకొనును గనుక. నేర్పువాని విషయమునను ఇంతే. గురువునందు నిండుగా నున్నది శిష్యునియందు కొంత తగ్గియే నిలుచును. వేడిమీద పట్టిన రూపము చల్లారిన పిమ్మట చిన్నదగును. కావున శిష్యునియందు ఎంత శ్రద్ధను, ఎంత ఓర్పును చూడగోరునో, నేర్పువాడు అంతకంటె కొంత అధికముగా తనయందు పెంచుకొనవలెను. పదిమందికి నిజాయితీని నేర్పదలచినవాడు తనకొఱకు సరిపోవునంత నిజాయితీతో తృప్తిపడరాదు.

నమూనా ప్రక్కలు కొంచెము వాలుగా నుండవలెనని రెండవ నియమము. రూపమును ఇచ్చిన పిమ్మట అది బయటికి రావలెను. వచ్చునప్పుడు ఇసుకగోడను పెల్లగింపరాదు. నేర్పి, తరువాత తొలగలేని గురువులు కలరు. శిష్యుడు తనను మించుట చూడలేరు. అతడు చేసిన ప్రతి పనిలోను తన చేయి కనబడవలెనని పట్టుపట్టుదురు. అట్టివారు బయటికి వచ్చునప్పుడు తామిచ్చిన రూపమును తామే చెఱుపుదురు. వినయమే ఆ వాలు. అది యున్నవాడు తన రూపమును వదలి తాను తొలగును. లోహము ఆ ఖాళీలో నిండును. పోతలో నమూనాయొక్క కొయ్య యావంతయు లేదు. దాని రూపమో, అణువణువునను కలదు. గురువు శిష్యునిలో నిలువదగిన విధము ఇదియే.

సాధనగా చేయదలచువారికి

కొయ్యపనినైనను, ఏ చేతిపనినైనను కూటముగా చేయువారు దానిని సాధనగా మలచుకొనుటకు పెద్ద నియమములు అక్కరలేదు. పనిముట్లను ఉమ్మడిగా వాడుకొని, వాడినవాడే సానపట్టి తిరిగి యుంచవలెను. మొండి ఉలిని తరువాతివానికి విడుచుట చిన్న హింసయే. మొద్దుబారిన ఉలి జారి చేతిని కోయుట ఈ పని యెఱిగినవారికి తెలిసినదే. బొమ్మయందలి దోషమును చెప్పవలెను గాని చేసినవాని దోషముగా చెప్పరాదు. తన బొమ్మను మెచ్చుకొన్నవారికి, దానిలో ఎవరి సలహా కలదో చెప్పవలెను. క్రొత్తగా వచ్చినవానికి మిగిలిపోయిన ముడికొయ్య నీయక, చేవగలిగి వరుసగా చీలని కొయ్య నీయవలెను; ముడికొయ్యను చేయి తిరిగినవాడు తీసికొనవలెను. ఈ కడపటి నియమమొక్కటి సరిగా నడచినచో తక్కినవన్నియు వానియంతట అవియే నడచును.

వీనితోపాటు మనస్సు ఉలిమొనయందు నిలువవలెను. అటుకులు దంచు స్త్రీని గూర్చి శ్రీరామకృష్ణులు చెప్పుచుండిన దృష్టాంతము ప్రసిద్ధము. ఆమె ఒకచేత రోటిలోని ధాన్యమును త్రోయుచు, బిడ్డకు పాలిచ్చుచు, కొనవచ్చినవారితో బేరమాడుచుండును. కాని మనస్సులో ముప్పాతికపాలు రోకటిపోటు చేతిమీద పడకుండుటయందే యుండును. సంసారములోని పనులన్నియు చేయుచు మనస్సును భగవంతునియందు నిలుపుటకు వారు దీనిని చెప్పిరి. కూటములో కూర్చుండి చెక్కువాడు ఈ దృష్టాంతమును తన చేతిలోనే చూచుకొనవచ్చును. మాట సాగుచుండును, నవ్వు సాగుచుండును, చూపు మాత్రము ఉలిమొనను విడువదు. ఈ అభ్యాసము కొయ్యమీద కుదిరినవానికి మంత్రముమీద కుదురుట దుష్కరము కాదు.

సాయంకాలమున కొయ్యపొట్టును ఊడ్చివేసి ఇండ్లకు పోవునప్పుడు ప్రతివాడును తన్ను తాను ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ దినమున నా బొమ్మ ఎంత పూర్తియైనదని కాదు, నా ప్రక్కవాని చేయి నావలన కొంచెమైనను నేర్పు పొందెనా, పొందినచో నేను సంతోషించితినా యని. మొదటి భాగమునకు అవునని చెప్పగలవారు పెక్కుమంది యుందురు. రెండవ భాగమునకు గూడ కపటము లేక అవునని చెప్పగల దినము వచ్చినప్పుడు, ఆ వసారాకు దేవాలయమునకు గల పవిత్రత చేకూరును. అచ్చట చెక్కబడుచున్నది కొయ్య మాత్రమే కాదు.